గాజుపెంకుకూ ఓ హద్దురాయి

ఫ్రీమాంట్ నుంచి ఓ తెలుగు కుటుంబం తెల్లవారుజామునే కారెక్కిందనుకుందాం. డిక్కీలో పులిహోర డబ్బా, ఫ్లాస్కు నిండా కాఫీ. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు, వాళ్ల మధ్య కొడుకూ కోడళ్లను చూసిపోదామని భీమవరం నుంచి వచ్చిన నాయనమ్మ. నాలుగు గంటలకు పైగా వంకర దారులు తిరిగి, ఉత్తర కాలిఫోర్నియాలోని ఫోర్ట్ బ్రాగ్ చేరేసరికి అందరి ఒళ్లూ హూనమై ఉంటుంది. గట్టు దిగి గ్లాస్ బీచ్‌లో కాలు పెట్టగానే ఆ అలసటంతా ఎగిరిపోతుంది. రాళ్ల సందుల్లో, కాళ్ల కింద, అల వెనక్కి లాగిన ప్రతిచోటా గాజుపెంకులు. ఆకుపచ్చ, గోధుమ, తెలుపు. అదృష్టం బాగుంటే ఒక నీలం. పదును చచ్చి, నునుపు తేలి, పటికబెల్లం ముక్కల్లా ఉంటాయి. పిల్లాడు గుప్పెడు ఏరి నాయనమ్మ కొంగులో పోస్తాడు. ఆవిడ మురిసిపోయేలోపు తల్లి దారి పక్కన బోర్డు చదివి గబగబా వస్తుంది.

"అత్తయ్యా, ఇక్కడివి తీసుకోకూడదట."

"ఎవరో పారేసిన సీసాపెంకులు కదమ్మా! దీనికి కూడా చట్టమా?"

ఆవిడ అడిగినదాంట్లో న్యాయం ఉంది. చెత్తకు యజమాని ఎవడు? పారేసినవాడు వదులుకున్నాడు, సముద్రం అరగదీసింది, కంటపడినవాడు ఏరుకున్నాడు. ఇందులో దొంగతనం ఎక్కడుంది? ఒడ్డున గాజు ఏరడం మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న దగ్గర ఆగాల్సిందే. దీనికి జవాబు గాజు ముక్కలో లేదు, అది పడి ఉన్న నేలలో ఉంది. ఆ నేల ఎవరిదో కనుక్కోవడం నేర్పడమే ఈ అధ్యాయం పని.

ముందు ఫోర్ట్ బ్రాగ్ సంగతే చూద్దాం. 1906 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోను నేలమట్టం చేసిన భూకంపం ఈ చిన్న ఊరినీ కుదిపేసింది. ఊరి జనం చెత్తను సముద్రపు గట్టు మీంచి కిందకు పోయడం ఆ ఏడాదే మొదలైంది. సీసాలు, పింగాణీ, ఇంటి సామాన్లు, చివరికి పాత కార్లు కూడా. గుట్ట మరీ పెరిగితే నిప్పు పెట్టేవారు. ఒకచోట నిండితే మరోచోటికి మారేవారు. 1943లో రెండో చోటు, 1949లో మూడో చోటు. ఇప్పుడు గ్లాస్ బీచ్ అని పిలుస్తున్నది ఆ మూడోదాన్నే. ఊళ్లోవాళ్లు మాత్రం 'ది డంప్స్' అనేవారు. 1967లో అధికారులు చెత్త పోయడం ఆపించారు. తరువాతి ఏళ్లలో తుప్పుపట్టిన ఇనుమును ఎత్తివేశారు, కుళ్లేది కుళ్లిపోయింది. గాజు మాత్రం మిగిలింది. అలల రాపిడికి అంచులు అరిగాయి, ఉప్పునీటిలో పైపొరలోని సోడా, సున్నం కొద్దికొద్దిగా కరిగిపోయి పొగమంచు పట్టినట్టు తయారైంది. ఒక పెంకు ఆ నునుపు తేలడానికి చాలాసార్లు ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది.

ఆ తర్వాతే కథ చట్టం వైపు మళ్లింది. ఆ ఒడ్డు భూమి చాలాకాలం ప్రైవేటు చేతుల్లో ఉంది. 2002లో కాలిఫోర్నియా రాష్ట్రం 38 ఎకరాలు తీసుకుని మెకెరికర్ స్టేట్ పార్కులో కలిపింది. అంతవరకు ఎవరికీ పట్టని చెత్త ఒక్క దస్తావేజుతో పార్కు సొత్తయింది. స్టేట్ పార్కుల నేలకు వర్తించే నిబంధనలు కాలిఫోర్నియా రెగ్యులేషన్స్ సంపుటిలో 14వ టైటిల్ కింద ఉన్నాయి. అందులో 4307వ సెక్షన్ మట్టి, ఇసుక, కంకర, రాళ్లు కదల్చవద్దంటుంది. దాని పక్కనే ఉన్న 4308, పురావస్తు విలువ గానీ చారిత్రక విలువ గానీ ఉన్న ఏ వస్తువునూ తీయకూడదు, పాడుచేయకూడదు అంటుంది. పార్కు బోర్డు మీద గాజును అక్కడే వదిలేయమని రాసింది ఊరికే కాదు.

ఇక్కడ నాయనమ్మ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. చెత్త చరిత్ర ఎప్పుడవుతుంది? అమెరికాలో చారిత్రక స్థలాల జాతీయ జాబితాకు పరిశీలించేటప్పుడు మామూలుగా చూసే వయసు యాభై ఏళ్లు. 1967 నాటి చివరి బండి చెత్త కూడా ఆ గీత దాటేసింది. అక్కడ దొరికే ఎర్రముక్క ఏ పాత కారు వెనక లైటుదో అయి ఉంటుంది. నీలం ముక్క మిల్క్ ఆఫ్ మెగ్నీషియా మందు సీసాది కావచ్చు. ఒక ఊరు ఏం తాగింది, ఏ మందు మింగింది, ఏ బండి నడిపింది అన్నదంతా ఆ రంగుల్లో ఉంది.

మిగతా సగం జవాబు లెక్కలో ఉంది. చెత్త పోయడం ఆగి అరవై ఏళ్లు కావస్తోంది. ఆ తీరానికి కొత్త గాజు రాదు. అలలు ఉన్నదాన్ని ఇంకా అరగదీసి ఇసుక చేస్తూనే ఉంటాయి, వచ్చినవాళ్లు సంచుల్లో మోసుకుపోతూనే ఉంటారు. ఒకప్పుడు కాలు మోపితే గాజే తగిలేదని పాతవాళ్లు చెప్పే చోట ఇప్పుడు గాజు అంత దట్టంగా లేదు. ఊళ్లో సీ గ్లాస్ (సముద్రం అరగదీసిన గాజు) మ్యూజియం నడిపిన ఓ నౌకా కెప్టెన్ కొత్త గాజు తెచ్చి పోద్దామని ప్రతిపాదించారు. నగర పాలక మండలి ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే సబబు. సముద్రంలో చెత్త పోయడాన్ని ఆపడానికి అన్నేళ్లు పట్టిన ఊరు, అందం కోసం మళ్లీ అదే పని చేస్తే ఏం బాగుంటుంది? పైగా ఆ గట్టు మీద మెన్జీస్ వాల్‌ఫ్లవర్ అనే అరుదైన పసుపుపూల మొక్క బతుకుతోంది. అమెరికా ప్రభుత్వం అంతరించే ప్రమాదంలో ఉన్నవాటిలో దాన్ని చేర్చింది. బాట వదిలి గాజు కోసం గట్టు ఎక్కి దిగే ప్రతి బూటూ దాన్ని తొక్కే ప్రమాదముంది.

అయితే మొదటి రెండు చెత్తగుట్టలు పార్కు హద్దులో లేవు. పాత కలప మిల్లు నేల మీదుగా నగర పాలక సంస్థ వేసిన తీరబాట 2015లో తెరుచుకున్నాక జనం అక్కడికి నడిచి వెళ్తున్నారు. అక్కడ వంగి ఏరుకునేవాళ్లు కనిపిస్తారు. వాళ్లను చూసి, ఇక్కడ ఏరితే అక్కడా ఏరొచ్చనుకునేవాళ్లూ ఉంటారు. చూడటానికి ఒకటే ఒడ్డు, ఒకటే గాజు. కొద్దిపాటి నడకలో యజమాని మారిపోతాడు, నిబంధన మారిపోతుంది. దీనికి తోడు కాలిఫోర్నియాలో సగటు పోటు గీతకు సముద్రం వైపున్న నేల ప్రజల తరఫున రాష్ట్రం చేతిలో ఉంటుంది. దాన్ని చూసేది స్టేట్ లాండ్స్ కమిషన్. ఆ గీత ఇసుక మీద కనిపించేది కాదు. దాదాపు పందొమ్మిదేళ్ల పోట్ల సగటు తీసి నిర్ణయించేది. అందుకే గీతకు అవతల ఉన్నాను కదా అని కంటితో చూసి వాదించడం ఎవరివల్లా కాదు. హద్దు తెలియాలంటే పార్కు మ్యాపు చూడాలి, లేదా ఆఫీసుకు ఫోన్ చేయాలి.

నేషనల్ పార్కుల్లో ఈ సందేహం కూడా ఉండదు. ఫెడరల్ నిబంధనల్లో 36వ టైటిల్, 2.1 సెక్షన్ ప్రకారం పార్కులోని సహజ వస్తువైనా, మనిషి చేసిన పాత వస్తువైనా తీయడం నిషేధం. ఒక చిన్న సడలింపు ఉంది. పార్కు సూపరింటెండెంట్ కావాలనుకుంటే పళ్లు, గింజలు, ప్రాణి లేని ఖాళీ గవ్వల వంటివి సొంతానికి చేత్తో ఏరుకోవడానికి అనుమతించవచ్చు. మేరీల్యాండ్, వర్జీనియా తీరంలోని అసాటీగ్ దీవిలో అలా ఒక గ్యాలన్ దాకా ఖాళీ గవ్వలు తీసుకోనిస్తారు. ఆ సడలింపులో గవ్వ పేరుంది, గాజు పేరు లేదు. కాబట్టి గవ్వలు ఏరనిచ్చారంటే గాజు కూడా ఏరనిచ్చినట్టే అనుకోవడం పొరపాటు. ప్రతి పార్కూ తన నిబంధనలను 'సూపరింటెండెంట్స్ కంపెండియం' అనే పత్రంగా వెబ్‌సైటులో పెడుతుంది. ప్రయాణానికి ముందు రోజు రాత్రి పది నిమిషాలు దాన్ని చదివితే, మరునాడు పిల్లల ముందు రేంజరుతో వాదించే అవస్థ తప్పుతుంది. నిబంధన తప్పితే చట్టప్రకారం ఆరు నెలల దాకా జైలు, 5,000 డాలర్ల దాకా జరిమానా పడే వీలుంది. గుప్పెడు గాజుకు అంత శిక్ష పడకపోవచ్చు. అయినా చేతికిచ్చిన జరిమానా చీటీని పట్టించుకోకుండా ఇంటికి పోతే వారెంటు దాకా వెళ్తుంది. వీసా దరఖాస్తు డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా, నేరం రుజువైందా అన్న ప్రశ్న ఉంటుందని తెలిసిన కుటుంబాలు ఈ ముక్కను తేలిగ్గా తీసుకోవు.

బ్రూక్లిన్‌లోని డెడ్ హార్స్ బే మరో పాఠం. గేట్‌వే నేషనల్ రిక్రియేషన్ ఏరియాలో భాగమైన ఆ ఒడ్డున పాత చెత్తగుట్ట మీద కప్పిన మట్టి తెగి, ఇరవయ్యో శతాబ్దపు సీసాలు వేలకు వేలు బయటపడ్డాయి. ఫెడరల్ భూమి కాబట్టి తీయడం నిషేధమే. అయినా న్యూయార్క్ జనం సంచులతో వచ్చేవారు. 2020లో అక్కడ రేడియోధార్మిక వస్తువులు బయటపడటంతో నేషనల్ పార్క్ సర్వీస్ ఆ దక్షిణపు ఒడ్డును మూసేసింది. చెత్తకుప్పలో ఏముందో పైకి కనిపించే రంగులు చెప్పవు. పిల్లల చేతికి సంచి ఇచ్చి పంపేవాళ్లు ఈ ఒక్కటీ గుర్తు పెట్టుకుంటే ఎంతో మేలు.

ఫెడరల్ భూముల మీద మరో గట్టి చట్టం ఉంది. పురావస్తు వనరుల రక్షణ కోసం 1979లో చేసింది. కనీసం వందేళ్ల వయసున్న మానవ జీవిత ఆనవాళ్లు దాని పరిధిలోకి వస్తాయి. చట్టం ఉదాహరణగా చెప్పిన వస్తువుల్లో కుండలు, బుట్టల తర్వాతి మాట 'సీసాలు'. మొదటి తప్పుకే 10,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు పడవచ్చు. ఈ చట్టం ఫెడరల్ భూములకు, ఆదివాసుల భూములకు వర్తిస్తుంది, రాష్ట్రాల భూములకు కాదు. ఏరేవాళ్లకు దీన్నుంచి పనికొచ్చే తేడా ఒకటుంది. అరిగి గుండ్రమైన చిన్న పెంకు వేరు. అక్షరాలు పోతపోసి, మెడ, అడుగు చెక్కుచెదరని పాత సీసా వేరు. రెండోది కనిపిస్తే చేయి పెట్టకుండా, ఫోటో తీసి, చోటు గుర్తు పెట్టుకుని రేంజరుకు చెప్పాలి. పాత సీసా ఎక్కడ, ఏ పొరలో పడి ఉందన్నదే దాని చరిత్ర. అక్కడి నుంచి కదిపితే మిగిలేది అల్మారాలో పెట్టుకునే అలంకారం మాత్రమే.

బోస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు చిక్కు ఇంకోలా వస్తుంది. అక్కడ ముందు అడగాల్సింది ఈ ఒడ్డు ప్రజలదేనా అని. మసాచుసెట్స్, మేన్ రాష్ట్రాల్లో 1640ల నాటి వలస పాలన ఆర్డినెన్స్ ఇంకా బతికే ఉంది. దాని ప్రకారం ఒడ్డున ఇల్లున్నవాడి హక్కు పోటు గీత దగ్గర ఆగదు, నీళ్లు వెనక్కి పోయిన ఆటు గీత దాకా సాగుతుంది. ఆ మధ్య నేల మీద జనానికి మిగిలినవి మూడే హక్కులు: చేపలు పట్టడం, పక్షులను వేటాడటం, పడవ నడపడం. 1989లో మేన్ సుప్రీంకోర్టు మూడీ బీచ్ కేసులో ఇదే మాట చెప్పింది. అంటే ఆ తీర్పు ప్రకారం గాలం పట్టుకుని నిలబడినవాడిని పొమ్మనలేరు గానీ, సంచి పట్టుకుని గాజు ఏరేవాడిని పొమ్మనగలరు. వినడానికి చోద్యంగానే ఉంటుంది. ఆ తర్వాతా అక్కడ దాని మీద వ్యాజ్యాలు నడిచాయి.

ఒరెగాన్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1967లోనే, అంటే ఫోర్ట్ బ్రాగ్ చెత్తగుట్ట మూతపడిన ఏడాదే, గవర్నర్ టామ్ మెక్‌కాల్ సంతకంతో వచ్చిన బీచ్ బిల్లు ఆ రాష్ట్రపు ఇసుక తీరమంతటా తిరిగే హక్కును జనానికి ఖాయం చేసింది. అక్కడ అగేట్ రాళ్లవంటివి సొంతానికి రోజుకు ఒక గ్యాలన్, ఏడాదికి మూడు గ్యాలన్లు తీసుకోవచ్చు, అమ్ముకోవడానికి కాదు. లింకన్ సిటీ అయితే ఇంకో అడుగు ముందుకేసింది. కళాకారులు ఊదిన గాజు బుడ్లను ఏడాది పొడవునా తన ఒడ్డున దాచిపెడుతుంది. దొరికినవాళ్లదే బుడ్డి. 1999లో మొదలైన ఈ పనిలో ఊరి వాలంటీర్లు గుట్టుచప్పుడు కాకుండా ఏటా వేల బుడ్లు పెడుతున్నారు. వాటిని పోటు గీతకు పైన, గట్టుకు కింద ఉంచుతారు కాబట్టి వాటి కోసం నీళ్లలోకి దిగక్కర్లేదు, గట్టెక్కి మొక్కలు తొక్కక్కర్లేదు. బుడ్డి మీది నంబరు నమోదు చేసుకుంటే చేసినవాళ్ల వివరాలతో పత్రం ఇస్తారు. గాజు ఏరే ఆనందాన్ని చట్టంతో గొడవ లేకుండా పిల్లలకు పంచాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి ఊరు కనిపించదు.

హవాయిది గట్టి మాట. తీరంలో ఇసుక, చచ్చిన పగడం, రాళ్లు, మట్టి, ఒడ్డుకు కొట్టుకొచ్చి పేరుకున్న ఇతర పదార్థాలు తీయడాన్ని అక్కడి చట్టం నిషేధించింది. ఒంటికి, బట్టలకు, పిల్లల ఆటబొమ్మలకు తెలియకుండా అంటుకుపోయే ఇసుకను మాత్రం మినహాయించింది. ఇటలీలో సార్డీనియా దీవి 2017 నుంచి ఇసుక, గులకరాళ్లు, గవ్వలు పట్టుకుపోయేవాళ్లకు 500 నుంచి 3,000 యూరోల జరిమానా వేస్తోంది. 2019లో ఓ ఫ్రెంచి జంట కారులో నలభై కిలోల దాకా ఇసుక దొరికి కేసు నమోదైంది.

ఇంగ్లండులో సీ గ్లాస్ అంటే సీహమ్. డర్హమ్ కౌంటీలో, సండర్లాండ్‌కు దక్షిణంగా ఉంటుంది. అక్కడ 1853 నుంచి 1921 దాకా నడిచిన లండన్‌డెరీ సీసాల ఫ్యాక్టరీ మిగిలిన గాజును సముద్రంలో పారబోసేది. అందుకే ఒకే ముక్కలో రెండు మూడు రంగులు కలిసిన పెంకులు అక్కడ దొరుకుతాయి. ఉదయాన్నే వంగి ఏరేవాళ్లు ఆ ఒడ్డుకు అలవాటే. కానీ 1949 నాటి తీర రక్షణ చట్టం కింద అధికారులు ఉత్తర్వు ఇచ్చిన తీరంలో ఏ పదార్థం తీసినా నేరమవుతుంది, కాబట్టి కొత్త ఒడ్డుకు వెళ్లినప్పుడల్లా స్థానిక కౌన్సిల్ వెబ్‌సైటు చూసుకోవాల్సిందే. లండన్‌లో థేమ్స్ నది ఒడ్డుకు దిగి ఏరాలన్నా, వెతకాలన్నా పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పర్మిట్ ఉండాలి. మూడొందల ఏళ్లు దాటిన వస్తువు దొరికితే తెలియజేయడం తప్పనిసరి. మునిగిన ఓడల నుంచి కొట్టుకొచ్చిందేదైనా చేతికి చిక్కితే 28 రోజుల్లోపు రిసీవర్ ఆఫ్ రెక్ అనే అధికారికి చెప్పాలి.

మన తీరంలో గాజు కోసం వెతికేవాళ్లు తక్కువ, బంగారం కోసం వెతికేవాళ్లు ఉన్నారు. కాకినాడ దగ్గర ఉప్పాడలో తుపాను వెలిసిందంటే ఊళ్లోవాళ్లు దువ్వెనలు, జల్లెళ్లతో ఒడ్డుకు వస్తారు. సముద్రం మింగిన పాత ఇళ్ల, గుళ్ల సొత్తు ఇసుకలో తేలుతుందని వాళ్ల నమ్మకం. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత కొందరికి చిన్నచిన్న బంగారు పూసలు దొరికాయని పత్రికలు రాశాయి. అక్కడా ఇదే ప్రశ్న: దొరికింది ఎవరిది? 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దాగి ఉన్న విలువైన వస్తువు దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. నూట నలభై ఏళ్లుగా ఆ పది రూపాయల గీత అలాగే ఉంది. చినిగిన వలలతో బతుకీడ్చే మత్స్యకార కుటుంబానికి ఈ సంగతి ఎవరూ నెమ్మదిగా, తెలుగులో, భయపెట్టకుండా చెప్పకపోవడం అన్యాయమే.

గాజుపెంకు సంగతి ఎలా ఉన్నా, దాని పక్కన ఉండేవాటి గురించి మన చట్టాలు గట్టిగానే మాట్లాడతాయి. పగడాలు, కొన్ని అరుదైన శంఖాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాల్లో ఉన్నాయి. వందేళ్లు దాటిన కళావస్తువులు, నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. విశాఖ, భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బలు జియలాజికల్ సర్వే గుర్తించిన భూవారసత్వ స్థలం, అక్కడి మట్టి సంచి నింపుకునే సరుకు కాదు. రంగు చూసి సంచిలో వేసిన ముక్క గాజా, పింగాణీయా, పగడమా అన్నది వెలుతురులో పెట్టి చూసుకోవడం మంచి అలవాటు.

ఎక్కడైనా సరే, అడిగే పద్ధతి ఒకటే. ముందు ఒడ్డు పేరు, దాన్ని నడిపే శాఖ పేరు కనుక్కోవాలి. సిటీదా, కౌంటీదా, స్టేట్ పార్కుదా, ఫెడరల్ భూమా, ఎవరి పెరడా? తర్వాత ఆ ఆఫీసుకు ఫోన్ చేసి సూటిగా మూడు మాటలు అడిగితే చాలు. అరిగిన గాజు చేత్తో ఏరుకోవచ్చా? ఎంత? పార్కు హద్దు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? జవాబు చెప్పినవాళ్ల పేరు, తేదీ రాసి పెట్టుకోవాలి. తవ్వకం, గునపం, మెటల్ డిటెక్టర్ మాట ఎత్తితే చాలాచోట్ల జవాబు వేరుగా వస్తుంది. నేషనల్ పార్కుల్లో డిటెక్టర్ దగ్గర ఉంచుకోవడమే తప్పు. ఏరింది చెవిపోగులుగా చేసి అమ్మాలనుకుంటే ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే సొంతానికి ఇచ్చే అనుమతి వ్యాపారానికి పనికిరాదు. తెలియక తీసి, తీరా రేంజరు ఎదురైతే దాచకుండా సంచి తెరిచి చూపించి, తీసినచోటే పెట్టేయడం అన్నిటికన్నా క్షేమం.

ఫోర్ట్ బ్రాగ్ ఒడ్డున ఆ తల్లి ఇదంతా తన అత్తగారికి ఒక్క ముక్కలో చెప్పాల్సి ఉంటుంది. "ఇది పార్కు నేల అత్తయ్యా, మన గుడి ఆవరణ అనుకోండి." ఆ పోలిక నాయనమ్మకు వెంటనే అందుతుంది. కొంగు విప్పి ఒక్కొక్కటీ కిందికి జారుస్తుంది. మనవడు ఫోన్ తీసి, తడిగా మెరుస్తున్నప్పుడే ఒక్కోదాన్ని ఫోటో తీసుకుంటాడు. ఆరితే వాటికి మళ్లీ పొగమంచు పడుతుందని వాడికి అప్పటికే తెలిసిపోయింది. చివరగా మిగిలిన నీలం ముక్కను ఆవిడ కాసేపు అరచేతిలో తిప్పి చూసి, అది దొరికిన రాతి సందులోనే పెట్టి వస్తుంది.